ఆ అక్షింతలు నా చేతిలోవే

కమిటీ పెద్దలకి, పంతులుగారికి, సర్పంచ్ గారికి, అక్కలకి చెల్లెళ్ళకి అందరికీ నమస్కారం. కల్యాణ మండపం బాగా కట్టారు, దాతల పేర్లు ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్ళీ చదవను. రిటైర్డ్ టీచరమ్మని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. పెళ్ళిళ్ళు జరిగే చోట నిలబడి చిన్నపిల్లల పెళ్ళిళ్ళ మాట చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పేది?

2009 ఎండాకాలం. కందుకూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తా ఉన్నాను. తొమ్మిదో తరగతి పిల్ల పెళ్ళికి పిలిచారు, పోయినా. పీటల మీద కూర్చోబెడితే బాసికం ఆ చిన్న నుదుటి మీద నిలవలా, కళ్ళ మీదికి జారతా ఉంది, వాళ్ళ మేనత్త దారం రెండు మడతలేసి బిగించి కట్టింది. అది చూసినా నేను. చూసి కూడా అక్షింతలు వేసినా, 116 చదివించినా, భోంచేసి వచ్చినా.

జాతకం చూసినాయనకి ఆ పిల్ల నక్షత్రం తెలుసు, పాదం తెలుసు, పుట్టిన గడియ కూడా తెలుసు. వయసు మాత్రం ఎవరూ లెక్కేయలా. పుట్టిన తేదీ నా రిజిస్టర్లోనే ఉండె, 14 ఏళ్ళు. బడి తెరిచినాక ఆ పేరు మీద గీత కొట్టింది కూడా నేనే.

అడిగితే అందరిదీ ఒకటే మాట, దేవుడు రాసిపెట్టినాడు అని. సరే, దేవుడు రాస్తే రాసినాడు, మరి లగ్నపత్రిక రాసిందెవరయ్యా? కార్డు కొట్టించిందెవరు? మసీదులో నిఖా అయినా, చర్చిలో పెళ్ళయినా ఇదే అడుగుతా.

శాస్త్రం ఉందంటారు. అష్టవర్షా భవేద్గౌరీ, ఎనిమిదేళ్ళ పిల్ల గౌరి అని గడగడా చదువుతారు. మరి మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో, గుణం లేనివాడికి ఇచ్చేదానికంటే పిల్ల చచ్చేదాకా పుట్టింట్లో ఉన్నా మేలే అని ఉంది, అది ఎవరూ చదవరే? ఏ శ్లోకం పట్టుకోవాలో ఎంచుకునేది మనమే కదమ్మా. నేను రోజూ దీపం పెట్టేదాన్నే, భక్తి లేక చెప్తున్న మాట కాదిది. మనం చేసింది దేవుడి మీద వేస్తే అది భక్తి ఎట్టా అవుద్ది?

1929లో శారదా చట్టం ఆడపిల్లకి పెళ్ళి వయసు 14 అంటేనే ధర్మం పోయిందని గోల చేశారు. 1978లో 18 అయింది. 2006 చట్టంలో పెళ్ళి జరిపించినవాళ్ళకి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. పిల్ల బాధ్యత ఉండి ఆపకుండా పోయి భోంచేసి వచ్చినా నేరమే, అయితే అందులో ఆడవాళ్ళకి జైలు లేదు. చట్టం నన్ను వదిలేసుద్ది, ఆ బాసికం వదల్లా. 20 నిండేలోపు ఆ పిల్లే కోర్టుకి పోయి పెళ్ళి రద్దు చేయించుకోవచ్చంట, ఆ సంగతి చెప్పేదానికి నాకప్పుడు తెలియను కూడా తెలీదు.

పదహారు నిండకముందే కాన్పు. ఇప్పుడు పొగాకు గ్రేడింగ్‌కి పోతా ఉంది. మొన్న దసరాకి ఫోన్ చేసింది, కూతుర్ని అడుగుతున్నారు మేడం, నేను ఒప్పుకోలా, చదివిస్తా అని. నన్ను ఒక్క మాట అనలా. అంటే బాగుండేది.

పంతులుగారూ, మీకు దణ్ణం పెట్టి అడుగుతున్నా. ఈ మండపం బుక్ చేసేటప్పుడు ఇద్దరి పుట్టిన తేదీ కాగితం చూడండి, ఆ తర్వాతే ముహూర్తం. ఆఫీస్ గది గోడ మీద ఆ మాట, పక్కనే పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పెద్ద అక్షరాల్లో రాయించండి. పెయింటర్ డబ్బులు తెచ్చినా, ఇదిగో కవరు, ప్రెసిడెంట్ గారూ, అందరి ముందే తీసుకోండి.