కోట తాళం ఎవరి దగ్గరుంది?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల గురించి చెప్పవలసినవి ముందు మాట్లాడినవారు చెప్పారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన ఫాంటసీ నవలల్లో కోట కూలిందంటే సేనాని పొగరుబోతై ఉంటాడు, లేదా పిరికివాడో, అమ్ముడుపోయినవాడో అయి ఉంటాడు. అతను మంచివాడైతే కోట నిలిచేదని మనం నమ్మాలి. ఇది ఆ పాత్రకు జరిగే అన్యాయం. అతని చేతిలో ఏముందో, ఏది లేదో చూడకుండా గుణం మీద తీర్పు చెప్పేస్తున్నాం. ముట్టడి రాసే ముందు ప్రతి సేనాని గురించీ నాలుగు సంగతులు తేల్చుకోండి: సైనికులకు జీతం ఎవరిస్తారు, తాళాలు ఎవరి దగ్గరున్నాయి, మాట విననివాణ్ణి శిక్షించగలడా, లొంగిపోయే అధికారం ఉందా.

వీటికి ముందు మాల్టా సంగతి చెప్పాలి. 1565లో ఆటోమన్ తుర్కుల సుల్తాన్ సులేమాన్ మధ్యధరా సముద్రంలోని ఆ ద్వీపం మీదికి సేనను పంపాడు. నేల మీది సైన్యానికి ముస్తఫా పాషా, నౌకలకు పియాలే పాషా. అనుభవజ్ఞుడైన నౌకాసేనాని తుర్గుత్ రయీస్ వచ్చాక ఇద్దరూ అతని సలహా వినాలి. అంటే ఒక ముట్టడికి మూడు తలకాయలు. తుర్గుత్ ఆలస్యంగా వచ్చాడు. ఈలోగా పియాలేకి గాలివానకు నౌకలు దెబ్బతింటాయన్న బెంగ. నౌకలు పోతే సుల్తాన్ ముందు నిలబడాల్సింది తనే. అందుకని సురక్షితమైన రేవు కావాలన్నాడు. ఆ రేవు మూతి దగ్గర సెయింట్ ఎల్మో అనే చిన్న కోట ఉంది. దాన్ని ముందు కొట్టాల్సి వచ్చింది. కొన్ని రోజుల్లో అయిపోతుందనుకున్నది జూన్ 23 దాకా సాగింది. వేల ప్రాణాలు పోయాయి. తుర్గుత్ వచ్చేసరికి ఫిరంగులు దించేశారు, వెనక్కి తీస్తే సైన్యం నీరుగారిపోతుంది. చేసేది లేక ఫిరంగులను ఇంకా గట్టిగా అమర్చి, రాత్రిపూట ఎల్మోకు సాయం తెచ్చే పడవల దారి మూయించాడు. ఆ జూన్‌లోనే తగిలిన గాయంతో చనిపోయాడు. ఇక తగవు తీర్చేవాడే లేడు.

దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పియాలే మూర్ఖుడా? కాదు. తనకు అప్పగించిన నౌకల వరకు అతను సరిగ్గానే ఆలోచించాడు. ముస్తఫాకు అతణ్ణి కాదనే అధికారం లేదు. తప్పు ఆ ఇద్దరి మధ్య ఖాళీలో ఉంది. ఆ ఖాళీని రాయండి, పాత్రను తిట్టకండి.

లోపలివైపు కూడా చూడండి. ద్వీపాన్ని కాపాడుతున్న క్రైస్తవ యోధులు నైట్లు, వాళ్లకు అధిపతి లా వాలెట్. ఎల్మోలో ఉన్నవాళ్లు ఇక నిలవలేం, వెళ్లనివ్వండని ఉత్తరం రాశారు. వాళ్లు విధేయత ప్రమాణం చేసినవాళ్లే. అయినా చావండని ఆజ్ఞాపిస్తే పని జరగదని లా వాలెట్‌కు తెలుసు. ముగ్గురిని పంపి కోట పరిస్థితి చూసి రమ్మన్నాడు. తర్వాత, మీరు వచ్చేయండి, మీ స్థానంలోకి రావడానికి వేరేవాళ్లు సిద్ధంగా ఉన్నారని కబురు పంపాడు. సిగ్గుతో వాళ్లు కదల్లేదు. ఆజ్ఞ చెల్లనిచోట రోషం పనిచేసింది. అదే ఎత్తును రోజూ వేస్తే పనిచేయదు. మన నవలల్లో వేస్తూనే ఉంటారు.

మాల్టా దగ్గరే చాలా సమయం గడిచింది. మిగతావి త్వరగా చెబుతాను.

జీతం. 1191లో క్రూసేడుల్లో, అంటే క్రైస్తవుల మతయుద్ధాల్లో, ముస్లింల చేతిలో ఉన్న ఆక్రా రేవు నగరం ముందు ఇద్దరు రాజులు దిగారు, ఫ్రాన్స్ ఫిలిప్, ఇంగ్లండ్ రిచర్డ్. ఫిలిప్ నెలకు మూడు బంగారు నాణేలిస్తానంటే రిచర్డ్ నాలుగన్నాడు. జనం అటు నడిచారు. దక్షిణ ఫ్రాన్సులో మతద్రోహులన్న ముద్రపడ్డవాళ్ల మీద క్రూసేడు నడిపిన సిమోన్ ద మోన్‌ఫోర్ సేనలో చాలామంది 40 రోజుల సేవతో పాపపరిహారం దక్కించుకుని ఇంటిదారి పట్టేవాళ్లు. కోట గోడ పడేందుకు ఇంకో వారం పడుతుందన్నా ఆగరు. మీ కథలో డ్రాగన్ ఉంటే దానికి పశువుల్ని తోలుకొచ్చేవాడెవరో ముందు రాసుకోండి. డ్రాగన్ మాట వినేది అతనిదే.

తాళం. 1453లో ఆటోమన్ తుర్కులు ముట్టడించిన బైజాంటైన్ చక్రవర్తి రాజధాని కాన్‌స్టాంటినోపుల్ గోడల చుట్టుకొలత దాదాపు 20 కిలోమీటర్లు, కాపాడేవాళ్లు ఏడెనిమిది వేలమంది. అందుకే నేలవైపు వెలుపలి గోడ మీదే నిలిచి, ఎవరూ వెనక్కి పోకుండా లోపలి గోడ ద్వారాలకు తాళం వేశారు. మే 29న గాయపడిన జుస్తినియాని ద్వారం తెరవమన్నాడు. అతను దాదాపు 700 మందిని వెంటబెట్టుకుని తనంతట తానే సాయానికి వచ్చిన జెనోవా సేనాని. ఉండిపొమ్మని చక్రవర్తి బతిమాలాడు. చక్రవర్తి బతిమాలాడని మళ్లీ చెబుతున్నాను. ద్వారం తెరిచారు, నాయకుడు వెళ్లడం చూసి అతని మనుషులూ వెళ్లారు. అక్కడినుంచి గోడ నిలవలేదు.

శిక్ష గురించి ఒక్కమాట. యుద్ధకాండలో సువేల పర్వతం మీదినుంచి సుగ్రీవుడు ఎవరినీ అడగకుండా రావణుడి మీదికి దూకుతాడు. తిరిగొచ్చాక రాముడు దండించడు. నీకేమైనా అయితే సీతతో నాకేం పని అంటాడు. వానరసేన సుగ్రీవుడిది, రాముడిది కాదు. మిత్రుడి సేనతో యుద్ధం చేసేవాడు ఇంతకుమించి ఏమీ అనలేడు.

చివరిది లొంగుబాటు. అక్కడే మన కథలు అన్నిటికన్నా బలహీనం. తెల్లజెండా ఎత్తితే కథ అయిపోయినట్టు రాస్తాం. 1191 జులై 12న ఆక్రా లోపలి సేనానులు తమ సుల్తాన్ సలాహుద్దీన్ అనుమతి లేకుండానే ఒప్పందం చేసుకున్నారు. 2,00,000 దీనార్లు, క్రైస్తవ బందీల విడుదల, క్రైస్తవుల పవిత్ర శిలువ తిరిగి ఇవ్వడం ఆ షరతులు. అవేవీ వాళ్ల చేతిలో ఉన్నవి కావు. కోటలోంచి ఈతగాడు తెచ్చిన కబురు చూసి, ఒప్పుకోవద్దని సలాహుద్దీన్ జవాబు రాయించబోతున్నాడు. అంతలో గోడల మీద శత్రువుల జెండాలు కనిపించాయి. సొమ్ము, శిలువ, బందీల అప్పగింత వాయిదాల మీద నడిచాయి, ఒకరినొకరు నమ్మలేదు. ఆగస్టు 20న రిచర్డ్ ఆక్రాలో లొంగిపోయిన దాదాపు 2,700 మంది బందీలను నగరం బయటికి నడిపించి చంపించాడు.