పెంకు పురుగా, బొద్దింకా? కాళ్లు, రెక్కలు, పాదాలు చూసి గుర్తుపట్టడం

నమస్తే అండి. ఇదిగో, ఈ రెండు డబ్బాలు చూడండి. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను... ఆ, ఇప్పుడు కనబడుతోంది. రెండూ నలుపే. రెండింటి మీదా తెల్ల చుక్కలే. అనంతపురం బయట గుట్టల దగ్గర, ముళ్లతుప్పల కింద ఎండుటాకుల్లో దొరికినవి. ఎడమ చేతి వైపుది పెంకు పురుగు. కుడి వైపుది బొద్దింక. అవును, బొద్దింకే. వంటింట్లో తిరిగేదానికి చుట్టం.

పెంకు పురుగు పేరు ఆంథియా సెక్స్‌గుటాటా. దీనికి ఆరు చుక్కలు. బెదిరిస్తే వెనక నుంచి ఆమ్లం చిమ్ముతుంది. కాబట్టి బతికున్నదాన్ని చూసేటప్పుడు మొహం దగ్గర పెట్టుకోకండి, కంట్లో పడితే కష్టం. బొద్దింక పేరు థీరియా పెటివెరియానా. దీనికి ఏడు చుక్కలు. ఈ పెంకు పురుగు వేషం వేసుకుని శత్రువుల నుంచి తప్పించుకుంటుందని కీటక శాస్త్రవేత్తలు చెబుతారు. పక్షులే తడబడుతుంటే రంగు చూసి మనం ఏం చెప్తాం? అందుకే ఈ రోజు రంగు పక్కన పెట్టి, శరీర నిర్మాణం ఒక్కటే చూద్దాం.

కావాల్సిన సామాను ఇదే. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, నగల షాపు వాళ్లు కంటికి పెట్టుకుంటారే, అది. ఒక థర్మాకోల్ ముక్క, ఒక కుట్టు సూది, ఫోను. ఫోనుకు తగిలించే మ్యాక్రో లెన్స్ ఉంటే మంచిది, లేకపోయినా భూతద్దాన్నే కెమెరా మీద పెట్టి ఫొటో తీయొచ్చు. నేను అదే చేస్తాను, ఇప్పుడు మీరు చూస్తున్నది కూడా అట్లా తీసిందే.

సరే, మొదటి పని కాళ్ల లెక్క. ఇది త్వరగా అయిపోతుంది. ఆరు కాళ్లు, ఒక జత మీసాలు, తల-ఉరం-ఉదరం అని మూడు భాగాలు ఉంటే కీటకం. ఎనిమిది కాళ్లు ఉండి మీసాలు లేకపోతే సాలీడు, తేలు, పిడుదు గుంపు. ఒంటి నిండా కాళ్లయితే ఒక్కో ఖండానికి ఎన్ని జతలో చూడండి. ఒక్క జత అయితే జెర్రి. చాలా ఖండాలకు రెండేసి జతలుంటే రోకలిబండ. రెండు జతల మీసాలుంటే రొయ్య, పీత వైపు వెళ్లండి. అంతే.

ఇక్కడ ఒక్క విషయం. ముందు వైపు ఉన్నవన్నీ కాళ్లు అనుకోవద్దు. తేలు కొండీ కాదండీ, ముందుండే పట్టకార్లు, అవి కాళ్లు కాదు. సాలీడుకు కూడా నోటి పక్కన కాళ్లలాంటివి రెండుంటాయి, వాటిని కలిపి లెక్కేస్తే పది వస్తుంది. ఇదిగో ఈ ఫొటో చూడండి, నీలం రంగు సాలీడు. దీన్ని ప్రపంచమంతా గుత్తి టరాంటులా అంటారు. మన గుత్తే. రైల్వే కలప డిపోలో దొరికిన దాన్ని బట్టి 1899లో పొకాక్ అనే శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. ఆ తర్వాత వందేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనబడింది, అదీ గుత్తిలో కాదు, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో. కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు. అంతరించే ప్రమాదం చాలా ఎక్కువగా ఉన్న జీవి అది. ఎక్కడైనా కనబడితే ఫొటో తీసుకుని వదిలేయండి. దాన్ని పట్టుకోవడం, అమ్మడం మాట కూడా ఎత్తకండి.

ఇంకోటి ఆరుద్ర పురుగు. ఆరుద్ర కార్తెలో తొలి వానలకు ఎర్ర నేల మీద మఖమల్ ముక్కలా పాకుతుంది, మన వైపు పిల్లలందరికీ తెలుసు. అందరూ పురుగు అంటాం. తిప్పి లెక్కపెట్టండి, ఎనిమిది కాళ్లు. అంటే పిడుదుకు దగ్గర, మిణుగురుకు దూరం. అయితే గుడ్డులోంచి వచ్చిన కొత్తలో దీనికి ఆరు కాళ్లే ఉంటాయి! అందుకే ఈ వీడియోలో చెప్పేవన్నీ ఎదిగిన వాటికే. లార్వాల సంగతి వేరే.

ఇప్పుడు రెక్కలు. ఆరు కాళ్లు ఉన్నాయి సరే, పెంకు పురుగా కాదా? వీపు మీద చూడండి. పెంకు పురుగుకు ముందు రెక్కలు గట్టిపడి పెంకులవుతాయి. వాటిని ఎలిట్రా అంటారు. ఆ రెండు పెంకులూ బీరువా తలుపుల్లా నడిమధ్యలో నిటారు గీత మీద కలుస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కవు. ఇప్పుడు బొద్దింకను చూడండి. ఒక రెక్క రెండోదాని మీదకు ఎక్కింది, కనబడుతోందా? నడిమధ్య గీత లేదు. తేలిపోయింది కదా. చుక్కలు ఎన్నున్నా అక్కర్లేదు.

ఇంకో గుంపు ఉంది, నల్లులు. ఆదోని వైపు పత్తి చేలల్లో ఎర్రగా, గుంపులు గుంపులుగా ఉంటాయే, పత్తి ఎర్రనల్లి. దాన్ని చాలామంది పెంకు పురుగు అంటారు. దాని రెక్కలు వీపు మీద అడ్డంగా దాటుకుని ఇంటూ గుర్తులా ఉంటాయి. తిప్పితే నోరు సూదిలా సన్నగా కడుపు కిందకు మడిచి ఉంటుంది. పెంకు పురుగుది కొరికే నోరు, దవడలుంటాయి. ఆ సూది నోరు చూశారంటే ఇంకేం చూడక్కర్లేదు.

సరే. ఇప్పుడు అసలు పని. నాకు ఎక్కువ టైమ్ పట్టింది ఈ స్టెప్పు దగ్గరే, అందుకే నెమ్మదిగా వెళ్దాం. వర్ణించిన పెంకు పురుగు జాతులే సుమారు నాలుగు లక్షలున్నాయి. అది ఏ కుటుంబమో తేల్చడానికి మంచి దారి పాదం. పాదం అంటే కాలి చివర సన్నగా, చిన్న చిన్న కణుపులతో ఉండే భాగం. శాస్త్రంలో టార్సస్ అంటారు. ఆ కణుపులు లెక్కపెట్టాలి. ముందు కాలివి, మధ్య కాలివి, వెనక కాలివి, ఈ వరసలో. మూడు అంకెలు వస్తాయి.

ఆంథియాను తిప్పాను. ముందు కాలు... ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదో దాని చివర రెండు గోళ్లున్నాయి. గోళ్లు కణుపు కాదు, వాటిని లెక్కపెట్టకండి. మళ్లీ చెప్తున్నా, గోళ్లు లెక్కలోకి రావు. అలాగే పైన పిక్క చివర ముల్లు లాంటివి ఉంటాయి, అవి కూడా కణుపులు కావు. మధ్య కాలు, ఐదు. వెనక కాలు, ఐదు. అంటే 5-5-5.

ఇప్పుడు ఇంకో నల్ల పురుగు. ఇదీ రాళ్ల కింద దొరికిందే. పై నుంచి చూస్తే ఆంథియా తమ్ముడే అనిపిస్తుంది. లెక్కపెడదాం. ముందు ఐదు, మధ్య ఐదు, వెనక... ఒకటి, రెండు, మూడు, నాలుగు. గోళ్లు వచ్చేశాయి. నాలుగే. రెండో వైపు కూడా చూడాలి, ఎందుకంటే ఎండిన పురుగుల పాదాలు ఊరికే విరిగిపోతాయి. ఒక వైపే చూసి నాలుగు అనేయొద్దు. ఇటు వైపూ నాలుగే. కాబట్టి 5-5-4. ఇది టెనెబ్రియోనిడే కుటుంబం. మీ ఇంట్లో గోధుమ పిండిలో తిరిగే ఎర్రటి చిన్న పురుగుదీ ఇదే కుటుంబం, దానికీ 5-5-4. కంది పూల మీద నలుపు-నారింజ పట్టీలతో కూర్చునే బ్లిస్టర్ బీటిల్‌కూ 5-5-4 వస్తుంది. కుటుంబం మాత్రం వేరు. దానికి తల వెనక మెడలాగా సన్నబడి ఉంటుంది, పెంకులు మెత్తగా ఉంటాయి. దాన్ని వట్టి చేత్తో పట్టుకోకండి, ఒంటికి తగిలితే బొబ్బలొస్తాయి.

ఇక చిక్కంతా ఇదిగో, ఈ పొడుగు మీసాల పురుగు దగ్గర. లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్ని కాళ్లకూ నాలుగే. 4-4-4 అని రాసుకుంటారు, పుస్తకంలో వెతుకుతారు, ఏదీ సరిపోదు, టెన్షన్. వీడియో ఆపి ఈ ఫొటో చూడండి. మూడో కణుపు రెండుగా చీలి వెడల్పుగా ఉంది కదా. ఆ చీలిక మధ్యలో, చివరి కణుపు మొదట్లో, గింజలాంటి చిన్న ముక్క. అదే నాలుగో కణుపు. దాగి ఉంటుంది. నిజానికి ఇది 5-5-5. సూదితో మూడో కణుపును కొంచెం కిందకు నొక్కితే బయటపడుతుంది. గట్టిగా నొక్కకండి. కర్నూలు వైపు శనగల్లో గుండ్రటి కన్నం పెట్టే పురుగుకూ, బియ్యంలో, జొన్నల్లో ఉండే ముక్కు పురుగుకూ ఇట్లాగే దాగి ఉంటుంది. కాబట్టి నాలుగు వచ్చిందంటే, మూడోది చీలి ఉందేమో ముందు చూడండి. అక్షింతల పురుగు ఇంకో మెట్టు ఎక్కువ. పైకి మూడే కనబడతాయి, నాలుగుంటాయి. దాగింది మూడోది.

ఎండిపోయి కాళ్లు ముడుచుకున్న పురుగునైతే లాగకండి. మూత ఉన్న డబ్బాలో తడి దూది పెట్టి, ఒక చుక్క డెట్టాల్ వేసి, దూదికి తగలకుండా పురుగును ఒక రోజు ఉంచండి. మెత్తబడుతుంది. డెట్టాల్ బూజు పట్టకుండా. కొందరు వేడి నీళ్లలో వేస్తారు, త్వరగా అయిపోతుంది. నాకు డబ్బానే ఇష్టం.

పాదాలన్నీ విరిగిపోయాయా? అప్పుడు నేను చూసేది వెనక కాళ్ల మొదలు. వెల్లకిలా వేసి, వెనక కాలు ఒంటిలోంచి వచ్చే చోట చూడండి. ఆంథియాకు ఆ కాలి మొదలు ఉదరం మొదటి పలకను పూర్తిగా కోసుకుంటూ పోయి రెండు ముక్కలు చేసింది. టెనెబ్రియోనిడేకు ఆ పలక అడ్డంగా కోత లేకుండా ఉంది. మొదటిది అడెఫాగా, రెండోది పాలీఫాగా. కుటుంబాల కన్నా పెద్ద గుంపులివి, ఉపక్రమాలు అంటారు. పెంకు పురుగుల్లో చాలా భాగం పాలీఫాగానే. నిజం చెప్పాలంటే రాళ్ల కింది నల్ల పురుగులకు నేను ముందు దీన్నే చూస్తాను, కణుపులు తర్వాత.

మీసాలు గబగబా చూసేద్దాం. చివర విసనకర్రలా రేకులు విచ్చుకుంటే స్కారబ్ కుటుంబం. పేడపురుగు, కొబ్బరి కొమ్ము పురుగు, వేరుశనగ చేలో వేర్లు కొరికే వేరుపురుగు తల్లి, అన్నీ ఇందులోనే. తొలి వానల తర్వాత సాయంత్రం వేప చెట్ల మీద ముసురుకునేవి ఆ తల్లి పురుగులే, ఒకటి పట్టి మీసం చూడండి, రేకులు బాగా కనబడతాయి. ముక్కు మీద నుంచి మోచేయిలా వంగిన మీసం అయితే ముక్కు పురుగు. రంపం పళ్లలా ఉంటే జీరంగి వైపు వెతకండి. మిణుగుర్లు కూడా పెంకు పురుగులే, మర్చిపోకండి, పెంకులు మెత్తగా ఉంటాయి కాబట్టి జనం నమ్మరు.

కామెంట్లలో ఫొటో పెట్టి పేరు అడిగేవాళ్లు నాలుగు ఫొటోలు పెట్టండి: వీపు, కడుపు, పక్క నుంచి తల, వెనక పాదం. ఊరు, తేదీ, ఏ మొక్క మీద దొరికిందో రాయండి. వెనక పాదం మసకగా ఉంటే మాత్రం నేను కుటుంబం చెప్పను, మళ్లీ తీసి పంపండి.