లడఖ్ ట్రిప్ ప్లాన్ ఎలా వేసుకోవాలి? గూగుల్ షీట్‌లో ఒక్క కాలమ్‌తో

అందరికీ నమస్కారం. ఈ రోజు లడఖ్ ప్లాన్ వేద్దాం. ఫొటోలు, డ్రోన్ షాట్లు ఏవీ ఉండవు ఈ వీడియోలో, ముందే చెప్పేస్తున్నా. ఒక గూగుల్ షీట్, ఒక గూగుల్ ఎర్త్, అంతే. కానీ టికెట్ బుక్ చేసే ముందు ఒక్కసారి చూడండి.

సరే, బ్రౌజర్ తెరవండి. పైన అడ్రస్ బార్‌లో షీట్స్ డాట్ న్యూ అని కొట్టండి. చూశారా, కొత్త షీట్ వచ్చేసింది. డ్రైవ్‌లోకి వెళ్ళి, ప్లస్ నొక్కి, అదంతా అక్కర్లేదు. నాకు చాలా ఇష్టమైన షార్ట్‌కట్ ఇది. డాక్స్ డాట్ న్యూ అంటే డాక్యుమెంట్ వస్తుంది, అది వేరే సంగతి.

కాలమ్స్ పేర్లు పెడుతున్నా. ఏ లో రోజు. బీ లో రాత్రి ఎక్కడ. సీ లో ఎత్తు, మీటర్లలో. డీ లో తేడా. ఈ లో పగలు ఏం చూస్తాం. అయిపోయింది.

మామూలుగా మనం ఎలా వేస్తాం? మ్యాప్ తెరుస్తాం, ఇక్కడి నుంచి అక్కడికి ఎన్ని కిలోమీటర్లు, సగం దారిలో రూమ్ తీసుకుందాం అనుకుంటాం. హైదరాబాద్ నుంచి తిరుపతికి అలాగే వెళ్తాం కదా. నేనూ అదే చేశాను. అటల్ టన్నెల్ ఇంకా తెరవక ముందు మాట, అంటే 2020కి ముందు. మనాలీ నుంచి లేహ్‌కి అప్పట్లో 474 కిలోమీటర్లు. సగం ఎక్కడొస్తుంది అని చూస్తే సర్చు. మనాలీ నుంచి 222. భలే కుదిరింది అనుకుని అక్కడ టెంట్ బుక్ చేశాను.

ఇప్పుడు గూగుల్ ఎర్త్‌లో సర్చు మీద మౌస్ పెడుతున్నా. కింద అంచున చూడండి, ఎత్తు కనిపిస్తోందా? 4,290 చుట్టూ. మనాలీ మీద పెడదాం. 2,050. అంటే ఒక్క రోజులో రెండు వేల పైన మీటర్లు ఎక్కేసి, అక్కడే పడుకున్నామన్నమాట. మన ఆంధ్రలో ఎత్తైన శిఖరం, పాడేరు వైపు జిందగడ, అది మొత్తం కలిపి 1,700 లోపే. దాన్ని మించి ఒక్క పూటలో ఎక్కి, టెంట్లో మ్యాగీ తింటూ కూర్చున్నాం.

రాత్రి పదింటికి మొదలైంది, ఎత్తు పడకపోవడం. నాకు తలనొప్పి. మా గుంటూరు ఫ్రెండ్‌కి వాంతులు. పడుకుంటే ఊపిరి ఆగినట్టు అయి ఉలిక్కిపడి లేచేవాడు. దిగిపోదాం అన్నాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి: సర్చు నుంచి దిగాలంటే ముందు ఎక్కాలి! వెనక్కి వెళ్తే బారాలాచా కనుమ, 4,890. ముందుకెళ్తే లాచులుంగ్ లా, లా అంటే కనుమ, ఐదు వేల పైన. మనం గిన్నె అడుగున ఉన్నాం, గిన్నే ఆకాశంలో ఉంది. తెల్లారాక ఒక టాక్సీ పట్టుకుని బారాలాచా దాటి కేలాంగ్‌కి దిగాం. మధ్యాహ్నానికి వాడు పప్పన్నం అడిగాడు. అంతే, దిగడమే మందు.

అందుకే ఈ షీట్‌లో కిలోమీటర్ల కాలమ్ లేదు. గమనించారా? కావాలనే పెట్టలేదు.

సరే, రెండో వరుస. ఇక్కడ మీ ఊరు. నేను హైదరాబాద్ వేస్తున్నా, 540. విశాఖ వాళ్ళు సున్నా వేసినా నష్టం లేదు. మూడో వరుస, విమానంలో లేహ్. 3,500. నాలుగు, లేహ్. ఐదు, లేహ్. ఆరు, హుందర్, అదే నుబ్రా లోయలో ఒంటెలు ఉండే ఊరు, 3,100. ఏడు, టాంగ్‌సే, పాంగాంగ్ సరస్సు దారిలో ఉండే ఊరు, సుమారు 3,950. ఎనిమిది, మళ్ళీ లేహ్. పాంగాంగ్ ఏదని అడగకండి, వస్తున్నా.

ఇప్పుడు తేడా. ఇది జాగ్రత్తగా చూడండి, ఇక్కడే నేను ఒక ట్రిప్ పాడుచేసుకున్నాను.

డాక్టర్లు చెప్పే లెక్క ఏంటంటే, 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 కంటే ఎక్కువ పెరగకూడదు. పగలు ఎంత ఎక్కి దిగారన్నది అంత పెద్ద సమస్య కాదు, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే లెక్క. కాబట్టి నేనేం చేశానంటే, ఈ రాత్రి ఎత్తులోంచి నిన్న రాత్రి ఎత్తు తీసేశాను. సీ3 మైనస్ సీ2. కిందికి లాగాను. చూడండి ఏమైందో. హుందర్ దగ్గర మైనస్ 400, బానే ఉంది. టాంగ్‌సే దగ్గర 850! అయ్యబాబోయ్ అనుకున్నాను. అమ్మానాన్నలతో వెళ్ళే ట్రిప్ అది, టెన్షన్ పడిపోయి నుబ్రా మొత్తం తీసేశాను. అమ్మకి ఒంటె ఎక్కాలని ఉండేది. ఇప్పటికీ అంటుంది.

తప్పెక్కడ? అప్పటికే మూడు రాత్రులు 3,500లో పడుకున్నాం. ఒంటికి ఆ ఎత్తు అలవాటైంది. ఒక్క రాత్రి 3,100కి దిగితే ఆ అలవాటు పోదు. కాబట్టి నిన్నటితో పోల్చకూడదు. ఇప్పటిదాకా పడుకున్న రాత్రుల్లో అన్నిటికంటే ఎత్తైనదానితో పోల్చాలి.

రాస్తున్నా, చూడండి. డీ3లో: ఈక్వల్స్, సీ3, మైనస్, మ్యాక్స్, బ్రాకెట్, సీ డాలర్ 2, కోలన్, సీ2, బ్రాకెట్ క్లోజ్. ఎంటర్. మళ్ళీ చెప్తా. మొదటి సీకి, 2కి మధ్య డాలర్ ఉంది. రెండోదానికి లేదు. ఆ ఒక్క డాలర్ మర్చిపోతే ఏమవుతుందో చూపిస్తా. తీసేశాను. కిందికి లాగుతున్నా. టాంగ్‌సే మళ్ళీ 850. ఎందుకంటే ఫార్ములా కిందికి జరిగేకొద్దీ మొదటి 2 కూడా 3, 4, 5 అని జరిగిపోతోంది, చివరికి నిన్నటి రాత్రిని మాత్రమే చూస్తోంది. డాలర్ పెడితే అది మేకు కొట్టినట్టు, కదలదు. పెట్టాను. లాగాను. టాంగ్‌సే, 450. హమ్మయ్య.

రంగు కూడా వేసేద్దాం. ఫార్మాట్, కండిషనల్ ఫార్మాటింగ్, కస్టమ్ ఫార్ములా, సీ 3,000 దాటి, డీ 500 దాటితే ఎరుపు. స్క్రీన్ మీద ఉంది, ఆపుకుని రాసుకోండి.

ఇప్పుడు ఒకటే ఎరుపు మిగిలింది. లేహ్‌లో మొదటి రాత్రి, 2,960. విమానంలో వెళ్తే అది పోదండీ, ఏం చేసినా పోదు. మరేం చేయాలి? దాని కింద రెండు సున్నాలు ఉండాలి. చూడండి, లేహ్, సున్నా, లేహ్, సున్నా. ఇది షీట్‌కి తెలియదు, మనమే కంటితో చూసుకోవాలి. ఒక్క రాత్రి పడుకోగానే అలవాటైపోయిందని షీట్ అనుకుంటుంది. ఒళ్ళు అనుకోదు. లేహ్‌లో గాలి ఒత్తిడి మన సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. మొదటి 48 గంటలు గదిలో పడుకోండి, నీళ్ళు తాగండి, బజార్‌కి మెల్లగా నడవండి. మెట్లెక్కి శాంతి స్తూపం చూసేద్దాం అనే హుషారు మొదటి సాయంత్రమే వస్తుంది, దాన్ని అణచుకోండి.

ఇక పాంగాంగ్. టాంగ్‌సే తీసేసి పాంగాంగ్ కొడుతున్నా, 4,250. ఎర్రబడింది, 750. అందుకే రాత్రి టాంగ్‌సేలో. సరస్సుకి ఓ గంట దూరం అంతే. పగలంతా సరస్సు దగ్గర ఉండండి, రాత్రికి దిగి రండి. ఒడ్డున టెంట్లో పడుకోవడం బాగుంటుంది, కాదనను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టినవాళ్ళు నాకు తెలిసి తక్కువ.

నుబ్రాకి వెళ్ళేటప్పుడు ఖర్దుంగ్ లా, 5,359 మీటర్లు. అక్కడ గాలి సగమే. ఫొటో దిగండి, పదిహేను ఇరవై నిమిషాల్లో బండెక్కేయండి. దూకుతూ రీల్స్ చేయకండి, ప్లీజ్.

రోడ్డు మీద వెళ్దామనుకునేవాళ్ళకి ఇంకో ట్యాబ్ వేశాను. శ్రీనగర్ 1,585. కార్గిల్ 2,676, ఇంకా 3,000 కిందే. తర్వాత నేరుగా లేహ్ కొడితే 824, ఎరుపు. మధ్యలో ఆల్చి పెట్టండి, 3,100. ఇప్పుడు చూడండి, ఆల్చికి 424, లేహ్‌కి 400. ఒక్క ఎరుపు లేదు! ఈ షీట్ చేస్తుంటేనే నాకు దొరికింది ఈ దారి. పైగా ఆల్చిలో తొమ్మిది వందల ఏళ్ళ నాటి గోడ చిత్రాలున్నాయి, ఎలాగూ చూడాల్సిందే. ఈ దారిలోనే జోజిలా వస్తుంది. దాని కింద సొరంగం కాంట్రాక్ట్ మన హైదరాబాద్ మేఘా కంపెనీదే. లడఖ్‌లోనే హాన్లే అనే ఊళ్ళో గామా కిరణాల కోసం పెట్టిన మేస్ టెలిస్కోప్ తయారీలో మన హైదరాబాద్ ఈసీఐఎల్ చేయి ఉంది. అంత దూరం వెళ్ళినా మనవాళ్ళే తగులుతారు.

మిగతావి గబగబా. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయకపోవచ్చు, పోస్ట్‌పెయిడ్ ఉంటే మేలు. ఆఫ్‌లైన్ మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఆధార్ జిరాక్స్‌లు నాలుగైదు. పర్మిట్లు, పర్యావరణ రుసుము నిబంధనలు మారుతుంటాయి, వెళ్ళే వారం ముందు లేహ్ అధికారిక సైట్ చూడండి. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్ళండి. నగదు పెట్టుకోండి.

ఎత్తు పడకపోవడం రాకుండా వేసుకునే మాత్ర, డయామాక్స్, వేసుకోవాలా అని అడుగుతారు. నేను డాక్టర్‌ని కాదు. మీ డాక్టర్‌ని అడగండి, సల్ఫా మందులు పడకపోతే ఆ మాట ముందే చెప్పండి. బీపీ, గుండె సమస్యలున్న పెద్దవాళ్ళయితే టికెట్ కంటే ముందు ఆ పని చేయండి. ఇంకొకటి, ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మడమకి బొటనవేలు తగిలేలా సరళరేఖలో నడవమంటే తూలుతున్నా, పొద్దున చూద్దాం అనుకోకండి. అర్ధరాత్రయినా కిందికి దించి, హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి.

షీట్ లింక్ కింద ఇచ్చాను. ఫైల్‌లోకి వెళ్ళి మేక్ ఏ కాపీ నొక్కండి, నా దాంట్లో ఎడిట్ చేయడానికి పర్మిషన్ అడగకండి, రోజుకి ఇరవై మెయిల్స్ వస్తున్నాయి. రెండో వరుసలో 540 తీసేసి మీ ఊరి ఎత్తు వేసుకోవడం మర్చిపోకండి. ఉంటాను.