తేదీలు చూసుకోండమ్మా

(మహిళా దినోత్సవం రోజున శ్రీకాకుళంలో మాట్లాడినది)

అందరికీ నమస్కారమండి. వేదిక మీదున్న పెద్దలు, మేడమ్ గారు, కింద కూర్చున్న అప్పలూ చెల్లెళ్ళూ... పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు గానీ కళ్ళజోడు ఇంటికాడ మర్చిపోయాను, ఎవరూ ఏమీ అనుకోకండి. కోర్టులో 27 ఏళ్ళు బెంచి క్లర్కుగా చేశాను కదా, అందుకని "మహిళలు – చట్టాలు" మీద మాట్లాడమన్నారు. భరణం, గృహహింస, ఆస్తిలో వాటా అని నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. అవి ఇదిగో ఇలా మడిచి పెట్టేస్తున్నాను. మా అప్ప కూతురి సంగతి చెప్తాను. అప్ప ఒప్పుకుందా అంటే ఒప్పుకుంది, నిన్న రాత్రే.

ముందు ఒకటడుగుతాను. ఇక్కడ ఎంతమందికి అమెరికాలో కూతురో కోడలో ఉంది? ఎత్తండి చెయ్యి. సిగ్గేటి? ... చూశారా, సగం హాలు. మరి వాళ్ళు ఏ వీసా మీదున్నారో ఎంతమందికి తెలుసు? అదీ. దించేశారు.

మాకూ తెలీదు. 2014లో అరసవల్లిలో పెళ్ళి చేశాం. "వీసా వచ్చింది" అన్నారు, వీధంతా స్వీట్లు పంచాం. 23 కేజీల పెట్టెలు రెండు, ఒకదాంట్లో మొత్తం ఆవకాయ, కందిపొడి, పలాస జీడిపప్పు. ఆవకాయ మూత మీద నేను నాలుగు చుట్లు టేపు వేశాను, నూనె కారకూడదని. పెళ్ళి సర్టిఫికెట్ జిరాక్సు ఒక్కటి పెట్టాలని ఎవరికీ తట్టలేదు, కోర్టులో పనిచేసే నాకు కూడా.

అబ్బాయిది హెచ్ వన్ బి, అంటే ఉద్యోగం వీసా, ఈ గుంటది హెచ్ ఫోర్. హెచ్ ఫోర్ అంటే ఫలానావాడి భార్య కాబట్టి ఉండనిస్తున్నాం అని. 2015 నుంచి వాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకోవడానికి పర్మిట్ ఇస్తున్నారు, మొగుడి గ్రీన్ కార్డు ఫైలు ఒక మెట్టు దాటి ఉంటేనే. ఈమెకి అదీ లేదు. ఇంట్లో కూర్చుంది. మాటా మాటా పెరిగింది, వేరుగా ఉన్నారు, అతను ఏ గొడవొచ్చినా "నీ వీసా కాన్సిల్ చేయిస్తా" అనేవాడట. రెండేళ్ళు ఆ మాటకి భయపడి నోరెత్తలేదమ్మా ఆ పిల్ల! తర్వాత లాయరు చెప్పింది, వేరుగా ఉన్నంత మాత్రాన హెచ్ ఫోర్ పోదు, విడాకులకి వేసినంత మాత్రాన పోదు, డిక్రీ, అంటే విడాకుల తీర్పు, దాని మీద జడ్జి సంతకం పడిన రోజున పోతుంది అని.

ఇక్కడే నేను చెప్పాలనుకున్నది ఉంది, కాస్త వినండి, వెనకాల మాటలొద్దు. ఆమె ఉండేది టెక్సాస్‌లో. అక్కడి చట్టం ప్రకారం విడాకులైన ఇద్దరూ 30 రోజులు ఇంకొకరిని పెళ్ళి చేసుకోకూడదు, 31వ రోజు నుంచే. కోర్టు ప్రత్యేకంగా ఒప్పుకుంటే వేరు. అంటే పాత మొగుడి వీసా ఇవాళ పోతుంది, కొత్త పెళ్ళి వచ్చే నెల. మధ్యలో ఆ పిల్ల ఏ హోదా మీద ఉంటుంది? దానికి లాయరు ఏం చేయించిందంటే, డిక్రీ రాకముందే, ముందే అండి, విజిటర్ హోదాకి మార్చమని ఐ ఫైవ్ థర్టీ నైన్ అని ఒక ఫారం వేయించింది. అది టైముకి వేస్తే, తేలేవరకు అక్కడ ఉండటం లెక్కలోనే ఉంటుంది. డిక్రీ అయిన మర్నాడు వేస్తే ఆలస్యమైపోయినట్టే. ఒక్క రోజండి.

2019 జనవరిలో డిక్రీ. మార్చిలో పెళ్ళి, బొబ్బిలి వైపు వాళ్ళ అబ్బాయి, అక్కడి సిటిజన్. అక్టోబరులో పాప. లెక్కలు కట్టకండి, మా అప్ప అప్పుడే వేళ్ళ మీద కట్టేసింది, ఫోన్ పెట్టేసి రెండు రోజులు అన్నం తినలేదు.

బావ అయితే "ఎవరికీ చెప్పకండి" అన్నారు. నాకు ఇప్పటికీ కడుపుమంట ఆ మాటే. చెప్పకపోతే సాయం ఎవరు చేస్తారండి? ఐదో నెల వచ్చేసరికి బావ మెత్తబడ్డారు, అప్పకి పురుడు యావ పట్టింది. మొదటి కాన్పు పుట్టింట్లో కాకపోతే ఏటి అని. నేనూ వంత పాడాను, "వచ్చేయవే గుంటా, రిమ్స్ పక్కనే ఉంది, నేనున్నాను" అన్నాను. హైదరాబాద్ దాకా టికెట్ కూడా తీశారు. అప్పటికి ఆమె గ్రీన్ కార్డు అప్లికేషన్ నడుస్తోంది. అడ్వాన్స్ పెరోల్ అని, బయటికెళ్ళి తిరిగి రావడానికి ముందుగా ఇచ్చే అనుమతి కాగితం, అది చేతికి రాకుండా దేశం దాటితే ఆ అప్లికేషన్ వదిలేసుకున్నట్టే, మళ్ళీ మొదటినుంచి. ఆ సంగతి కొత్త అల్లుడికి లాయరు చెప్తే, అతను అర్ధరాత్రి ఫోన్ చేసి "పిన్నిగారూ, మీరైనా అత్తయ్యగారికి చెప్పండి" అన్నాడు. చెప్పడానికి నాకే ముఖం లేదు, రమ్మన్నదాన్ని నేనే కదా. టికెట్ డబ్బులు పోయాయి. విశాఖపట్నం దాటని మా అప్ప హైదరాబాద్ వెళ్ళి విజిటర్ వీసా తెచ్చుకుని, శొంఠి, కాయం మూటకట్టుకుని ఎళ్ళింది. పురుడు అక్కడే పోసింది.

ఇంకో గొడవ, టీకాలు. గ్రీన్ కార్డుకి మెడికల్ ఉంటుంది, ఎమ్ఎమ్ఆర్, చికెన్ పాక్స్ ఉండాలంటారు. కడుపుతో ఉన్నవాళ్ళకి అవి వెయ్యరు. "అయితే కార్డు రాదేటి" అని అప్ప ఏడుపు. రాకపోవడం ఏం లేదు, ఇప్పుడు వెయ్యకూడదని డాక్టరు ఫారంలో రాస్తే సరిపోతుంది.

గ్రీన్ కార్డుకి అడిగే పుట్టిన సర్టిఫికెట్ సంగతి చెప్పకుండా వదలను. మా గుంట 1989లో ఇంటికాడే పుట్టింది, మంత్రసాని చేతిలో, ఎవడు రాయించాడు? లేదు అని ఆఫీసు ఒక కాగితం ఇవ్వాలి, నాన్ అవైలబిలిటీ అని, దాంతో పాటు పెద్దవాళ్ళ అఫిడవిట్లు. ఆ "లేదు" కాగితం కోసం 11 రోజులు తిరిగాను. ఏ ఆఫీసో చెప్పను. రిజిస్టరు చూడాలి అంటాడు, రిజిస్టరు ఏదంటే చెద పట్టింది అంటాడు, చెద పట్టిందని రాసివ్వవయ్యా అంటే అలా రాయకూడదు అంటాడు! సరే, పోనివ్వండి, బీపీ పెరుగుతుంది.

పాప పుట్టాక అసలు మెలిక. విడాకులైన 300 రోజుల్లోపు పుడితే, టెక్సాస్ చట్టం పాత మొగుడినే తండ్రి అనుకుంటుంది. మన దగ్గరా ఉంది కదా, 280 రోజులని, నా సర్వీసులో ఆ సెక్షన్ ఎన్నిసార్లు టైపు కొట్టానో. కొత్త మొగుడు "నేనే తండ్రిని" అని, పాత మొగుడు "నేను కాదు" అని, ఇద్దరూ సంతకాలు పెట్టాలి. పెట్టడేమో అని అందరం వణికాం. అతను పెట్టాడండి. ఒక్క మాట అడగలేదు, కొరియర్‌లో పంపించేశాడు. మనిషిని ఏమనాలో నాకు తెలీదు.

ఆఁ, అడుగుతారు, పిల్ల అక్కడ పుట్టింది కదా తల్లికి కార్డు దానంతట అదే వచ్చేయదా అని. రాదు. ఆ పిల్లకి 21 ఏళ్ళు వచ్చాకే తల్లి కోసం వెయ్యగలదు. ఈమెకి వచ్చింది కొత్త మొగుడి వల్ల, అదీ రెండేళ్ళ కార్డు, పెళ్ళై రెండేళ్ళు నిండలేదు కాబట్టి. గడువు అయ్యే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి మళ్ళీ ఫారం వెయ్యాలి. ఆ మధ్యలో మళ్ళీ విడిపోయినా, పెళ్ళి నిజంగానే చేసుకున్నామని చూపించి ఒక్కర్తే వేసుకోవచ్చు. రాసుకుంటున్నారా? రాసుకోండి.

టైము అయిందని చీటీ పంపారు. ఒక్క కేసు చెప్పి దిగుతాను. తిరుపతిలో పెళ్ళి, అమెరికా మిస్సోరీ కోర్టులో విడాకులు, యాదగిరిగుట్టలో మొగుడి రెండో పెళ్ళి. 1991లో మన సుప్రీంకోర్టు ఆ విడాకులు చెల్లవంది, భార్య ఆ కోర్టుకి ఒప్పుకోలేదు, అక్కడ చూపించిన కారణం మన హిందూ వివాహ చట్టంలో లేదు. అందుకే మా గుంట డిక్రీలో ఇద్దరూ ఇష్టపడి వచ్చారు అన్న లైను ఉందో లేదో నేనే భూతద్దం పెట్టి చూశాను. ఉంది.

అప్ప నిన్న ఎందుకు ఒప్పుకుందంటారా. రాత్రి తొమ్మిదింటికి ఒకావిడ మా ఇంటికొచ్చి, తలుపు దగ్గరికేసి, "మా అమ్మాయికీ ఇలాగే ఉంది, ఎవరికీ చెప్పలేదు, ఏటి సెయ్యాల" అంది. అప్ప ఆవిడకి మంచినీళ్ళిచ్చి, నా వైపు తిరిగి "రేపు చెప్పీయే" అంది. ఆవిడ ఈ హాల్లో ఉందో లేదో నేను చూడట్లేదు. టీలు ఇస్తారట, మీరు తాగండి. నేను వెనకాల కిటికీ పక్కన కుర్చీలో ఉంటాను. లాయర్ని కాను, ఏ లాయర్ని ఏం అడగాలో చెప్పగలను. డిక్రీ వస్తే డిక్రీ, రాకపోతే కేసు నంబరు, వీసా పేజీ, ఐ నైంటీ ఫోర్, అంటే అక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో రాసిన కాగితం, ఫోన్లో ఫోటో ఉన్నా చాలు. కళ్ళజోడు తెప్పిస్తున్నాను.