ఆసుపత్రి ఉన్నా వైద్యం ఎందుకు అందదు?

[తెరపై: రాత్రి వేళ మట్టిబాట. దూరంగా ఒక టార్చిలైటు వెలుగు.]

కాన్పు అయింది. నెత్తురు ఆగడం లేదు. ఇలాంటప్పుడు తల్లిని కాపాడుకోవడానికి ఒక్కోసారి రెండు గంటలకు మించి వ్యవధి ఉండదు. ఆ రెండు గంటలూ ఎక్కడ కరిగిపోతాయి?

[తెరపై: ఇంటి నుంచి ఆసుపత్రి దాకా ఒక గీత. దాని మీద మూడు ఎర్రచుక్కలు.]

1994లో సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే పరిశోధకులు ఈ జాప్యాన్ని మూడు ఆలస్యాలుగా విడదీశారు. వెళ్దామని ఇంట్లో తేల్చుకోవడంలో ఒకటి, దారిలో ఒకటి, ఆసుపత్రికి చేరాక చికిత్స మొదలవడంలో ఒకటి.

మన కళ్లకు దారి ఒక్కటే కనిపిస్తుంది. రోడ్డు వేయండి, అంబులెన్సు పంపండి అంటాం. అవి కావాల్సిందే. కానీ మొదటి ఆలస్యం నాలుగు గోడల మధ్య జరిగిపోతుంది. ఇది మామూలేనా, ప్రమాదమా అని చెప్పేవాళ్లు ఉండరు. చేతిలో డబ్బుండదు. ఆ రోజు కూలి పోతుందన్న దిగులు. కిందటిసారి వెళ్తే అక్కడ కసురుకున్నారన్న జ్ఞాపకం. ఈ చివరిది చిన్న కారణమని నేననుకోను. ఒకసారి మాటపడ్డవాళ్లు మళ్లీ ఆ గడప తొక్కడానికి ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగుతారు.

మూడోది మరీ బాధ కలిగిస్తుంది. అంత దూరం మోసుకొచ్చాక రక్తం లేదంటారు, మత్తు డాక్టరు లేడంటారు. రక్తం సంగతిలో రువాండా 2016లో ఒక దారి చూపింది. కొండదారుల్లో గంటలు పట్టే రక్తం సంచులను డ్రోన్లతో నిమిషాల్లో చేరవేసింది.

[తెరపై: ఒక ఇంటి గుమ్మం. చేతిసంచితో లోపలికి వెళ్తున్న మహిళ.]

మొదటి ఆలస్యానికి డ్రోను పనికిరాదు. ఊళ్లోనే ఉండే మనిషి కావాలి. మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. పుట్టిన బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి తీసుకోకపోతే సాయపడటం, ఇన్ఫెక్షన్‌ను గుర్తుపట్టి ఇంట్లోనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. 1999లో లాన్సెట్ అనే వైద్య పరిశోధన పత్రికలో ఫలితాలు వచ్చాయి: ఈ సేవలు లేని ఊళ్లతో పోలిస్తే, మూడో ఏడాదికి నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయి.

అయితే అలాంటి మనిషిని సేవాభావం పేరుతో ఊరికే పనిచేయమనడం అన్యాయం. ఆరోగ్య కార్యకర్తల పనికి తగ్గ వేతనం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే సిఫారసు చేసింది. వేతనంతో పాటు సంచిలో మందులు అయిపోకుండా చూడాలి. అర్ధరాత్రి ఆమె ఫోన్ చేస్తే ఎత్తే డాక్టరు ఒకరుండాలి.

[తెరపై: అదే మట్టిబాట, అదే టార్చిలైటు. ఈసారి వెలుగు ఇంటివైపు వస్తోంది.]