ధాన్యం లేని పిండితో కేక్: ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి

[తెర మీద: బల్లపై నాలుగు గిన్నెలు. శనగపిండి, బాదం పిండి, కొబ్బరి పిండి, సగ్గుబియ్యం పిండి]

నమస్తే అండీ. ఈ నాలుగింట్లో ఏదీ ధాన్యం కాదు, దేనిలోనూ గ్లూటెన్, అంటే గోధుమలో ఉండే జిగురు ప్రోటీన్, ఉండదు. అలాగని నాలుగూ ఒంటికి ఒకేలా మంచివా అంటే, కానే కాదు. ‘గ్రెయిన్ ఫ్రీ’ అన్న మాట చూసి మోసపోవద్దనే ఈ వీడియో.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. రాగులు, జొన్నలు, కొర్రలు, బియ్యం, మొక్కజొన్న, వీటిలో గ్లూటెన్ లేదు గానీ ఇవన్నీ ధాన్యాలే. గోధుమ ఒక్కటే పడనివాళ్లు హాయిగా రాగి కేక్ చేసుకోవచ్చు. ధాన్యమే వద్దనుకున్నవాళ్లకి మాత్రమే ఈ గిన్నెలు.

[తెర మీద: సగ్గుబియ్యం పిండి దగ్గరగా]

కొన్న బిస్కెట్ల ప్యాకెట్ వెనక మొదటి పేరు టాపియోకా స్టార్చ్ అని ఉందనుకోండి. అది పెద్దాపురం, సామర్లకోట వైపు పండే కర్రపెండలం దుంపలోంచి తీసిన పిండే. సగ్గుబియ్యం చేసేదీ దాంతోనే. అందులో ప్రోటీన్, పీచు దాదాపు లేనట్టే. షుగర్ ఉన్నవాళ్లు మైదా మానేసి దీనికి మారితే ఒరిగేదేమీ లేదు. పిండి పట్టు కోసం రెండు చెంచాలు కలుపుకోండి, చాలు. పాలగుండ, అదే ఆరారూట్ పిండి, సంగతీ అంతే. పైగా బజారులో ఆరారూట్ పేరుతో మొక్కజొన్న పిండి కూడా అమ్ముతుంటారు, చూసి కొనండి.

[తెర మీద: మూకుడులో శనగపిండి వేగుతూ]

నన్నడిగితే మన వంటింటికి మొదటి ఎంపిక శనగపిండే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల శనగపప్పులో 21 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంది. పీచు కూడా బాగా ఉంటుంది కాబట్టి రక్తంలో చక్కెర మెల్లగా పెరుగుతుంది. ధరా అందుబాటులోనే ఉంటుంది.

అయితే పచ్చి శనగపిండితో కేక్ చేస్తే పసరు వాసన వస్తుంది. అందుకని ముందు వేయించాలి. మందపాటి మూకుడు, సన్న సెగ, నూనె చుక్క వేయకుండా తిప్పుతూనే ఉండండి. ఇదిగో, ఇప్పటిదాకా ఉండలు కట్టిన పిండి పొడిపొడిగా జారుతోంది చూశారా? లడ్డూల వాసన మొదలైంది. రంగు ఎర్రబడకముందే దించేయాలి. చల్లారాక జల్లించండి.

150 గ్రాముల పిండికి మూడు గుడ్లు, 100 గ్రాముల బెల్లం తురుము, ముప్పావు కప్పు పుల్ల పెరుగు, పావు కప్పు కరిగించిన నెయ్యి, అర చెంచా వంట సోడా, ఏలకుల పొడి. 170 డిగ్రీల దగ్గర అరగంట. గుచ్చిన పుల్ల శుభ్రంగా వస్తే అయినట్టే. మైదా కేక్ అంత గుల్లగా రాదు, కాస్త గట్టిగా ఉంటుంది. కానీ రుచి చాలా బాగుంటుంది, ఒక ముక్కతోనే కడుపు నిండుతుంది.

[తెర మీద: బాదం పిండి]

బాదం పిండితో కేక్ మెత్తగా, తడిగా వస్తుంది. చక్కెర తగ్గించుకోవాల్సినవాళ్లకి మంచిదే. మరి 100 గ్రాములకి దాదాపు 600 కేలరీలు! పిండే 200 గ్రాములు వేశారంటే 1200 కేలరీలు దాని నుంచే వచ్చేస్తాయి. సన్న ముక్కలు కోయండి. ఇంట్లో పట్టుకుంటే మిక్సీని ఆపి ఆపి తిప్పండి, లేకపోతే నూనె వదిలి ముద్దవుతుంది. త్వరగా మాడుతుంది కాబట్టి ఓవెన్ 160 డిగ్రీలు దాటనివ్వకండి. పలాస జీడిపప్పు బద్దలతోనూ ఇలాగే చేయొచ్చు.

[తెర మీద: కొబ్బరి పిప్పి పళ్లెంలో పరిచి]

కొబ్బరి పాలు తీశాక పిప్పి పారేస్తున్నారా? పళ్లెంలో పలచగా పరిచి, 100 డిగ్రీల ఓవెన్‌లో కరకరలాడేదాకా ఎండబెట్టి మిక్సీ పట్టండి, అదే కొబ్బరి పిండి. దీనిలో పీచు చాలా ఎక్కువ, తడిని ఇట్టే పీల్చేస్తుంది. ఒక కప్పు మైదా చోట పావు కప్పు చాలు. దానికే రెండు మూడు గుడ్లు పడతాయి. కలిపి పది నిమిషాలు వదిలేయండి. జారుగా ఉన్నది గట్టిపడుతుంది. అప్పుడు చూసుకుని పాలు పోయండి. పీచు అలవాటు లేనివాళ్లకి మొదట్లో కడుపు ఉబ్బుతుంది, కొద్దికొద్దిగా మొదలుపెట్టండి.

పొద్దుతిరుగుడు గింజల పిండీ పనికొస్తుంది. సోడా తగిలితే కేక్ లోపల ఆకుపచ్చగా మారుతుంది. గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం వల్ల అలా అవుతుంది. పాడైనట్టు కాదు, నిశ్చింతగా తినొచ్చు.

గుడ్డు తినరా? గ్లూటెన్ లేని పిండిని పట్టి ఉంచడానికి ఏదో ఒకటి కావాలి. ఇసబ్గోల్ ఒక పెద్ద చెంచా నీళ్లలో నానబెట్టి కలపండి. బాదం, శనగపిండికి ఇది సరిపోతుంది. కొబ్బరి పిండికి మాత్రం గుడ్డు లేకుండా కష్టం.

[తెర మీద: బేకింగ్ పౌడర్ డబ్బా, ఇంగువ డబ్బా]

ఇక సీలియాక్ జబ్బు, అంటే గ్లూటెన్ తింటే పేగులు దెబ్బతినే జబ్బు, ఉన్నవాళ్లు ఇది తప్పకుండా వినాలి. బేకింగ్ పౌడర్‌లో చాలావరకు మొక్కజొన్న పిండి కలుపుతారు. గ్లూటెన్ పరంగా ఇబ్బంది లేదు గానీ ధాన్యం వద్దనుకుంటే సోడా, పుల్ల పెరుగు వాడుకోండి. కారం బిస్కెట్లలో వేసే కూటు ఇంగువలో (పిండి కలిపి అమ్మే ఇంగువ) మాత్రం చాలావరకు గోధుమ పిండి ఉంటుంది, అలాంటిది అసలు పనికిరాదు. పిండి మరలో శనగపప్పు పట్టించినా, అంతకుముందు పట్టిన గోధుమల పిండి రాళ్ల మధ్య మిగిలే ఉంటుంది. వాళ్లకి ఆ కాస్తా చాలు, ఒంట్లో బాగుండదు. పప్పు ఇంట్లో మిక్సీలోనే పట్టి, జల్లెడ కూడా విడిగా పెట్టుకోండి.