గంజితో పాటు ఏం పోతోంది?

[తెర మీద: గుణుపురంలో ఒక ఇంటి వంటగది. అన్నం గిన్నెకు మూత అడ్డం పెట్టి గంజి వారుస్తున్న చేతులు. తెల్లటి ధార దగ్గరగా కనిపిస్తుంది.]

"పిన్నీ, ఈ గంజి ఏం చేస్తారు?"

"పశువులున్నప్పుడు కుడితిలో పోసేవాళ్లం బాబూ. ఇప్పుడు పశువులెక్కడివి? కాలువలోకే."

[వ్యాఖ్యానం మొదలు]

నమస్కారం. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు ఉన్న మన తెలుగు ఇళ్లలో రోజూ జరిగే పనే ఇది. ఆ గిన్నెలో మిగిలినది కడుపు నింపుతుంది, శక్తినిస్తుంది. కాలువలోకి పోయినదానిలో కొద్దిపాటి పిండితో పాటు బి విటమిన్లు కూడా ఉన్నాయి. అవి నీళ్లలో కరుగుతాయి, ఆ నీళ్లతోనే పోతాయి.

నీరు, విటమిన్లు, ఖనిజాలు. ఈ మూడింటిలో ఏదీ ఒక్క కేలరీ కూడా ఇవ్వదు. అందుకే కాబోలు, భోజనం గురించి మాట్లాడేటప్పుడు వీటి మాట చివరికి వస్తుంది. మన శరీరం బరువులో దాదాపు 60 శాతం నీరే. రక్తంలో పోషకాలను మోసేది, చెమటగా వేడిని దించేది, మూత్రంగా మలినాలను బయటికి పంపేది అదే. తిన్న అన్నం శక్తిగా మారాలంటే విటమిన్లు కావాలి. ఎముకకు, రక్తానికి, నరాల కదలికకు ఖనిజాలు కావాలి. నీరు వీటిని ఒంట్లోకి చేర్చగలదు, వంటగదిలో ఊడ్చుకుపోనూ గలదు. ముందు ఆ రెండో సంగతి చెబుతాను.

[తెర మీద: పాత మ్యాపు. జావా ద్వీపం. తరువాత కోళ్ల బొమ్మ.]

1890లలో డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మన్ జావా ద్వీపంలోని బటావియాలో, అంటే నేటి జకార్తాలో, పని చేస్తున్నాడు. బెరిబెరి రోగులకు కాళ్లు పట్టు తప్పేవి, గుండె దెబ్బతినేది. అది సూక్ష్మజీవుల పనేనని అందరూ నమ్మిన కాలం. ఆయన ప్రయోగశాల కోళ్లకు కూడా కాళ్లు పడిపోయాయి. ఆరా తీస్తే, వాటికి పెడుతున్నది బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం. దంపుడు బియ్యానికి మార్చగానే కోళ్లు లేచి తిరిగాయి. తవుడులో ఏదో ఉందని అలా తేలింది. 1912లో కాసిమిర్ ఫంక్ ఇలాంటి పదార్థాలకు విటమిన్ అని పేరు పెట్టాడు. తవుడులో ఉన్నది బి1, అంటే థయమిన్. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కోళ్లకు ఏమీ రాలేదు.

ఇది జావా కథ మాత్రమే కాదు. పాత మద్రాసు రాష్ట్రంలో, ఉత్తర సర్కారు జిల్లాల్లో మరపట్టిన పచ్చిబియ్యం తినేవాళ్లలో బెరిబెరి ఉండేది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల అది అరుదు.

[తెర మీద: నానబెట్టిన వడ్లు. ఆవిరి. కళ్లంలో ఆరబోసిన ఉప్పుడు వడ్లు.]

ఎందుకంటే, ఉప్పుడు బియ్యం కోసం వడ్లను ముందు నానబెడతారు, తరువాత ఆవిరి మీద ఉడికిస్తారు, ఎండబెట్టాక మర పడతారు. నానేటప్పుడు, ఉడికేటప్పుడు పై పొరలోని థయమిన్ నీటితో పాటు గింజ లోపలికి దిగుతుంది. ఆ తరువాత పై పొర పోయినా లోపలికి దిగినది చాలావరకు మిగులుతుంది. మన పక్కింటి ఒడియా వాళ్లు ఉసునా చావుళ అనేది దీన్నే. సన్నబియ్యం ముందు ఇది మోటుగా కనిపిస్తుందని పెళ్లిళ్లలో పక్కన పెట్టేస్తున్నారు. నా మటుకు నాకు అది మోటు కాదు.

బియ్యాన్ని తెల్లనీళ్లు వచ్చేదాకా నాలుగైదు సార్లు పిసికి కడగడం, ఆపైన ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చడం... ఈ రెండూ కలిస్తే బి విటమిన్లలో పెద్ద వాటానే పోతుంది. ఒకటి రెండుసార్లు కడిగి, ఎసరు సరిపడా పెట్టి ఇగరనిస్తే చాలు. వార్చక తప్పదంటే ఆ గంజిలో కాస్త ఉప్పు, మజ్జిగ కలిపి తాగండి. కూరగాయలు, ఆకుకూరలకూ అదే లెక్క: ముందు కడగాలి, తరువాత తరగాలి.

[తెర మీద: పళ్లెంలో రేషన్ బియ్యం. వేలితో వేరు చేస్తున్న కొన్ని గింజలు. రంగు కొంచెం తేడా.]

ఇప్పుడు ఈ గింజలు చూడండి. మిగతావాటికన్నా కొంచెం మందంగా, రంగు తేడాగా ఉన్నాయి. కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి. ప్లాస్టిక్ బియ్యం అని ఏరి పారేసేవాళ్లు చాలామంది. ఇవి బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి, మళ్లీ గింజ ఆకారంలో ఒత్తినవి. వంద మామూలు గింజలకు ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. 2024 మార్చి నాటికి దేశమంతా రేషన్ బియ్యంలో వీటిని కలిపారు. ఏరి పారేస్తే బియ్యం శుభ్రపడదు, అందులో కలిపిన ఇనుమే పోతుంది. అయితే ఒక జాగ్రత్త: కొరాపుట్, రాయగడ వైపు సికిల్ సెల్ రక్తలోపం ఉన్న కుటుంబాలు ఉన్నాయి. సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్లు ఇనుము మాత్రలైనా, ఈ బియ్యమైనా డాక్టరును అడిగే వాడాలి.

ఇనుము తిన్నంత మాత్రాన ఒంటికి పట్టదు. ఆకుకూరల్లోని ఇనుము పేగుల్లోంచి రక్తంలోకి చేరడానికి విటమిన్ సి తోడ్పడుతుంది. పొయ్యి దించాక నిమ్మకాయ పిండండి. ముందే పిండితే వేడికి సి విటమిన్ కొంత చెడుతుంది. భోజనం కాగానే టీ తాగే అలవాటు ఉంటే ఒక గంట ఆగండి. టీలోని పదార్థాలు ఇనుమును పట్టేసుకుంటాయి.

ఎ, డి, ఇ, కె విటమిన్లు నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. మునగాకు వేపుడులో చెంచా నూనె పడాలనేది రుచి కోసం మాత్రమే కాదు. విటమిన్ ఎ కాలేయంలో నిల్వ ఉంటుంది. అందుకే ఆరు నెలలకోసారి పిల్లలకు ఆ చుక్కలు వేస్తే సరిపోతుంది.

[తెర మీద: సంతలో రాగుల బస్తాలు. తరువాత మట్టికుండలో అంబలి.]

కాల్షియం అనగానే అందరూ పాల వైపు చూస్తారు. మనం చోళ్లు అని, ఒడియాలో మాండియా అని పిలిచే రాగులు వంద గ్రాములు తీసుకుంటే దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల పథకం మొదలుపెట్టినప్పుడు తొలి ఏడు జిల్లాల్లో గజపతి, రాయగడ, కొరాపుట్ ఉన్నాయి. ఆ కొండల్లో మాండియా పేజ, అంటే రాగి జావ, తాగడం ఎవరూ నేర్పాల్సిన అవసరం లేని పని. రాగుల్లో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది, అది కాల్షియాన్ని, ఇనుమును బిగించి ఉంచుతుంది. రాత్రంతా పులియబెడితే ఆ బిగువు సడలుతుంది. పులిసిన అంబలికి ఉన్న గొప్ప అదే. ఇక కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి ఎండ కావాలి. మన వైపు ఎండకు కొరత లేదు.

ఉప్పు సంగతి రెండు ముక్కల్లో. గంజాం తీరంలో హుమ్మా ఉప్పు మడులు ఉన్నాయి కదా, సముద్రపు ఉప్పులో అయోడిన్ దానంతటదే ఉంటుందనుకోవడం పొరపాటు. అయోడిన్ కలపాల్సిందే. ఇంటికి చేరే ప్రతి గ్రాము ఉప్పులో కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలని నిబంధన. గాలికి, తడికి వదిలేస్తే అది తగ్గిపోతుంది. మూత గట్టిగా పెట్టండి.

[తెర మీద: వైశాఖం ఎండ. పొలంలో కూలీలు. గిన్నెలో పఖాళ, అంటే నీళ్లు పోసి నానబెట్టిన అన్నం.]

చెమటతో నీరొక్కటే పోదు, సోడియమూ పోతుంది. గంటల తరబడి ఎండలో పని చేసి వట్టి నీళ్లే లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. తరవాణి, ఉప్పేసిన పఖాళ, మజ్జిగ అందుకే నిలదొక్కుకున్నాయి. విరేచనాలైతే మాత్రం వీటితో సరిపెట్టకండి, ఓఆర్‌ఎస్, అంటే ఉప్పు, గ్లూకోజు ఉన్న ప్యాకెట్ పొడి, నీళ్లలో కలిపి ఇవ్వండి. పేగు గోడలో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళతాయి, వాటి వెంట నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఈ ద్రావణంతోనే కలరా రోగులను కాపాడారు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లు రాస్తే అన్నే కలపాలి. తక్కువ నీళ్లలో కలిపితే చిక్కబడి ప్రమాదం, ఎక్కువైతే పలచబడి పని చేయదు.

[తెర మీద: బోరు పంపు. పంటి మీద గోధుమరంగు చారలు.]

ఇక, వద్దన్నా ఒంట్లోకి వచ్చే ఖనిజం ఒకటుంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర వరకు. తెలంగాణను ఆనుకుని ఉన్న మహారాష్ట్రలోని చంద్రపూర్, యవత్మాళ్ జిల్లాల్లో కొన్ని గ్రామాలు దీనితో చాలా కాలంగా బాధపడుతున్నాయి. పళ్లపై చారలు, తరువాత కీళ్లు బిగుసుకుపోవడం. మరగబెడితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై, అది ఇంకా చిక్కబడుతుంది. రంగు, రుచి, వాసన ఏదీ దీన్ని పట్టివ్వదు, పరీక్ష చేయించాల్సిందే. ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే జల్ జీవన్ మిషన్ పథకం కింద గ్రామాల్లో కొందరు మహిళలకు నీటి పరీక్ష కిట్టు ఇచ్చి శిక్షణ ఇచ్చారు. మీ ఊళ్లో ఆ కిట్టు ఎవరి దగ్గర ఉందో పంచాయతీలో అడగండి. బోరు వేసిన ప్రతిసారీ ఒక సీసా నీళ్లు పట్టుకెళ్లండి.